చక్రి బండికి నలుపు

కొండపల్లి,
14 జూన్ 2025

చిరంజీవి సుధామణికి,

మీ మామయ్య సంజీవరావు ఆశీర్వదించి రాస్తున్నాను. దీనికి ముందు ఒక కాగితం చించేశాను తల్లీ. అలవాటు కొద్దీ చి.ల.సౌ. అని మొదలుపెట్టాను. నీ పెళ్ళయిన ఆరేళ్ళలో నీకు రాసినవి రెండే ఉత్తరాలు, రెండిటికీ అదే పెట్టాను. రాశాక చూసుకున్నాను. చేతికి ఇంకా తెలియలేదు, దాన్ని తిట్టి ఏం లాభం.

ఫోన్ చేస్తే నీది ఆపేసి ఉందంటున్నారు. చక్రి సంగతి చెప్పింది ఆ ఫోనే కాబట్టి అది మోగడం నువ్వు వినలేకపోతున్నావని పెద్దబ్బాయి, అదే మీ అన్నయ్య, చెప్పాడు. ఉత్తరం మోగదు గదా, అందుకని ఇలా రాస్తున్నాను.

నా కొడుకు పోయి ఈ రోజుకు డెబ్బై రెండు రోజులు. బండి వాడు వదిలిన చోటే వాకిట్లో ఉంది. బానెట్టు, ఎడమవైపు ముందు డోరు ఎమరీ కాగితంతో మూడు రోజులు గీకి పెట్టాడు, మిగతాదంతా ఇంకా తెలుపే. సగం క్షవరం అయిన తలలా ఉంది. దారిన పోయేవాళ్ళు ఒకసారి దాన్ని చూసి, తర్వాత నన్ను చూసి వెళ్తున్నారు.

ఆగస్టులో వచ్చి బండి తీసుకెళ్తానని పెద్దబ్బాయి అన్నాడు. కాగితాలు నీ పేరు మీదే ఉన్నాయి, తీసుకెళ్ళాల్సిందే. నేను కాదనను. కానీ ఇలా సగం పనితో మాత్రం పంపను. మన ఇంట్లో సగం వేసిన బొమ్మ గడప దాటదు, అది మా నాన్న కాలం నుంచీ ఉన్న పద్ధతి. వాడు కోరుకున్న నలుపే వేస్తాను. మెరవని నలుపు, మ్యాట్ బ్లాక్ అనేవాడు గదా. పెట్రోలు మూత ఊడదీసి మచ్చుకి వేసి చూసుకున్నాడు, గుర్తుందా? అది ఇప్పటికీ మేడమెట్ల దగ్గర మేకుకు వేలాడుతోంది. ఆ బండి మొత్తానికి వాడు పూర్తి చేసింది ఆ ఒక్కటే.

నీ నుంచి ఒక్క సాయం కావాలి. ఆ రోజు వాడు పటమట వెళ్ళి రంగు కొన్నాడు. తిరిగి వస్తుంటే గొల్లపూడి దగ్గర లారీ తగిలింది. పోలీసులు ఇచ్చిన సంచి నీ దగ్గరే ఉంది. అందులో డబ్బాల మీద రంగు పేరో నంబరో ఉంటుంది. చూసి రాయి. ఆ మూతకూ దానికీ కలిసేలా వేస్తాను.

మనవరాలు అక్షయకు చెవులు కుట్టించాలని మీ అమ్మగారు అంటున్నారట. మీ ఇష్టం. మీ అత్తయ్య ఉసిరికాయ ఊరగాయ పంపుతానంటోంది.

ఆశీస్సులతో,
సంజీవరావు

—

నాగాయలంక,
22 జూన్ 2025

మామయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అమ్మ చదివి వినిపించమంటే మొదటి నాలుగు వాక్యాలు చదివి ఆపేశాను.

బండికి మీరేమీ చేయనక్కరలేదు. అన్నయ్య ఉన్నదున్నట్టు తీసుకెళ్తానన్నాడు. కాగితాల్లో తెలుపు అని ఉంటే మీరు నల్లగా చేస్తే రేపు కొనేవాడు ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఎవరు కొంటారంటున్నాడు. అయినా మీ వాకిలి, మీ ఇష్టం.

సంచి నేను తెరవలేదు. బీరువా అడుగున పెట్టాను. ఆ బీరువాలోంచి బట్టలు తీసేటప్పుడు కూడా కిందికి చూడను. మీకు నిజంగా రంగు నంబరే కావాలా? ఆ సంచిలో కొట్టు బిల్లు కూడా ఉంటుంది. బిల్లు మీద టైము ఉంటుంది. పదకొండో రోజున మీ పిన్నిగారు నలుగురిలో అన్న మాట నేను మరిచిపోలేదు. "పెళ్ళాం ఫోన్ మీద ఫోన్ చేసి తొందరపెట్టిందంట, అందుకే అంత స్పీడుగా వచ్చాడంట" అన్నారు. మీరు అక్కడే కూర్చుని ఉన్నారు. ఏమీ అనలేదు. నేను ఎన్నింటికి ఫోన్ చేశానో, తను ఎన్నింటికి బయలుదేరాడో లెక్క చూసుకోవాలనుకుంటే అడగండి, నేనే చెప్తాను.

అక్షయ బాగుంది. వాళ్ళ మామయ్య రొయ్యల చెరువు దగ్గరికి తీసుకెళ్తే సాయంత్రం దాకా రాదు. మీరిచ్చిన ఎడ్లబండి బొమ్మకు ఒక ఎద్దు కొమ్ము విరిగింది. ఏడ్చింది.

సుధామణి

—

కొండపల్లి,
2 జూలై 2025

చిరంజీవి సుధామణికి, అక్షయకు ఆశీస్సులు.

సంచి తెరవొద్దు తల్లీ. నాకు బిల్లూ వద్దు, టైమూ వద్దు. మా పిన్ని ఆ మాట అన్నప్పుడు నేను అక్కడ ఉన్నాననే నువ్వు రాశావు. నిజమే, ఉన్నాను. నా చెవులు ఆ రోజు పని చేయలేదు. పనిచేసి ఉంటే ఆమెను గడప దించేవాణ్ణి. ఇప్పుడు చెప్పడం వల్ల నీకు ఒరిగేదేమీ లేదని తెలుసు.

బండి పని మొదలుపెట్టాను. ఎడమ డోరుకు సొట్ట ఉంది గదా, బొమ్మకు పెట్టినట్టే మక్కు పెట్టాను. చింతగింజలు నానబెట్టి రుబ్బి, రంపపు పొట్టు కలిపి అద్దాను. నలభై ఏళ్ళుగా ఏనుగుల తొండాలూ రాజుల చేతులూ అతికించిన మక్కు, ఒక డోరు సొట్ట పూడ్చలేదా అనుకున్నాను. చక్కగా కూర్చుంది. పైన సుద్ద పూసి, మేకవెంట్రుక కుంచెతో నలుపు వేశాను. ఎండపడేసరికి తళతళ మెరిసింది. మీ అత్తయ్య బయటికొచ్చి "ఊరేగింపుకి తయారైన ఏనుగులా ఉందండీ, గంట ఒక్కటే తక్కువ" అంది. మెరుపు చావడానికి సుద్ద కలిపితే బూడిదరంగు వచ్చింది. అక్షయ కాటుకకని ఆముదం దీపం మసి పట్టి ఉంచాము, అది కలిపితే కొంత దారికి వచ్చింది. మేకు మీది మూత తెచ్చి పక్కన పెట్టి చూస్తున్నాను. ఇంకా కలవలేదు.

కంప్రెసరు ఉండగా కుంచెతో ఎందుకని మీ అత్తయ్య అడిగింది. ఆవిడకు జవాబు చెప్పలేదు. నీకు చెప్తాను. బిల్లు గురించి నువ్వు రాసింది చదివాక, నువ్వు నా మీద కోపం ఆపుకుంటున్నావని అర్థమైంది. వాడు నీకు చెప్పే ఉంటాడు. ఆ రోజు పొద్దున వాడు బొమ్మలకు వాడే కంప్రెసరు అడిగాడు. నల్ల రంగు కూడా అడిగాడు, డబ్బాలు ఇంట్లోనే ఉన్నాయి. నేను ఇవ్వనన్నాను. "నా వాకిట్లో నల్లబండి నిలబడదు. బొమ్మకు కంట్లో చుక్కకే నలుపు, ఒళ్ళంతా కాదు" అన్నాను.  కంప్రెసరు అక్కర్లేని స్ప్రే డబ్బాలు దొరుకుతాయని మోటారుసైకిలు తీసుకుని పటమట వెళ్ళాడు. నేను ఇచ్చి ఉంటే వాడికి ఆ రోజు రోడ్డుతో పనే లేదు. వాడికి ఇవ్వనన్న యంత్రాన్ని నేను ఏ మొహంతో వాడను?

విరిగిన కొమ్ము ముక్క పారేయవద్దని అక్షయకు చెప్పు. తాత అతికిస్తాడు.

నీ మామయ్య,
సంజీవరావు

—

నాగాయలంక,
12 జూలై 2025

మామయ్య గారికి,

తను నాకు ఏమీ చెప్పలేదు. మీరు రాస్తేనే తెలిసింది.

ఇంట్లో రంగు ఉంది. మిషన్ ఉంది. ఇవ్వలేదు. ఈ మూడు నెలలూ నేను మరొకటి అనుకుంటూ ఉన్నాను, దానికోసం తిండి మానేశాను. మీరు ఇప్పుడు తీరిగ్గా ఆ రంగే వేస్తున్నారు. తను అడిగినప్పుడు కాదన్న రంగు, తను లేనప్పుడు ఎవరికోసం? చూసి సంతోషించడానికి ఎవరున్నారు?

ఆగస్టు పదో తారీకు ఆదివారం అన్నయ్య వస్తాడు. తాళాలు ఇచ్చేయండి. నాకు ఉత్తరాలు రాయొద్దు. అత్తయ్య గారికి నా నమస్కారాలు.

సుధామణి

—

కొండపల్లి,
27 జూలై 2025

సుధామణికి,

రాయొద్దన్నావు. మీ అత్తయ్య కూడా రాయొద్దనే అంది. అయినా ఒక్క సంగతి చెప్పాలి, చదవకపోయినా ఫరవాలేదు.

ఐదు రోజులు విడవకుండా వాన పడింది. మూడో రోజుకి ఎడమ డోరు ఉబ్బింది. నాలుగో రోజుకి చిట్లింది. నా మక్కు నీళ్ళు తాగి పిండిలా జారిపోయింది, తీపి వాసనకు చీమలు పట్టాయి. ఇనుముకు చింతపిక్కల పిండి పెట్టిన మొనగాడు ఈ కాలనీలో నేనొక్కడినేనట. అందరూ వచ్చి చూసి వెళ్ళారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మొత్తం నలుపంతా గీకేశాను. మీ అత్తయ్య కూడా గీకింది, పమిట బిగించి చక్రాల దగ్గర కూర్చుని రెండు రోజులు. మొన్న 23న బస్సెక్కి పటమట వెళ్ళాను. వాడు రంగు కొన్న కొట్టు వెతుక్కుంటూ వెళ్ళి, ఇనుముకు పెట్టే పుట్టీ, మెరవని నలుపూ తెచ్చుకున్నాను. కొట్టాయన పుల్లయ్య అని పెద్దమనిషి, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడు. కాసేపు కూర్చుని వచ్చాను.

ఇంటికొచ్చి కంప్రెసరు దింపాను. వాడికి ఇవ్వని దాన్ని ముట్టుకోనని మొండికేయడం కూడా ఒకరకం పొగరేనని తోచింది. వాడడం రాదు, మొదటి రోజు నా కాళ్ళకే ఎక్కువ పడింది. మెల్లగా వస్తోంది.

నలుపు ఎవరికోసమని అడిగావు. ఆ మాట మీద రోజూ కాస్త ఆలోచిస్తున్నాను. జవాబు దొరికితే రాస్తాను.

ఇక రంగు నంబరు అక్కర్లేదు. ఆ సంచి అలాగే ఉంచు. దయచేసి తెరవకు.

సంజీవరావు

—

నాగాయలంక,
4 ఆగస్టు 2025
(పోస్టు చేయలేదు)

మామయ్య గారికి నమస్కారాలు.

మీరు తెరవమన్నప్పుడు తెరవలేదు. తెరవకండి అన్నాక తెరవకుండా ఉండలేకపోయాను. మీరు నా మీద అలిగి రాశారేమోనని రెండు రోజులు అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం అమ్మ చేపల వేలానికి వెళ్ళింది, అక్షయ నిద్రపోయింది. సంచి కిందికి తీసుకుని తలుపు గడియ పెట్టుకున్నాను.

నాలుగు డబ్బాలు. ఒకటి సొట్టపోయింది. నాలుగూ తెలుపు.

మూతలు తెలుపు, పేరు తెలుపు, బిల్లు మీద కూడా తెలుపే. బానెట్టూ ఒక డోరూ మళ్ళీ మామూలుగా చేయడానికి నాలుగు సరిపోతాయి. తను నల్లరంగు వదిలేసుకున్నాడు మామయ్య గారూ. ఉన్న బండిని ఉన్నట్టు చేసేద్దామని కొన్నాడు.

మీకు ఇన్నాళ్ళూ చెప్పనిది చెప్తున్నాను. నేను ఫోన్ చేసింది పదకొండింటికి. అన్నయ్య ఇంటి గృహప్రవేశానికి వారం ఉంది. "శుభమా అని కొత్తింటికి వెళ్తూ ఆ నల్లబండిలో నా బిడ్డను ఎక్కించను. నువ్వొక్కడివే ఎక్కు" అన్నాను. చాలా గట్టిగా అన్నాను. తను "సరేలే, సరేలే" అన్నాడు. తను నాతో ఆడిన ఆఖరి మాటలు ఆ రెండు సరేలేలే. మీ కంప్రెసరు కాదు, నా నోరు.

మీరేమో ఆ నలుపు తను కోరుకున్నాడని చీమలతో, వానతో పడి చస్తున్నారు. అత్తయ్య గారు చక్రాల దగ్గర కూర్చుని గీకుతున్నారు. తనకు అక్కర్లేని రంగు వేస్తున్నారని మీకు ఎలా చెప్పను? పూర్తయ్యాక చెప్పాలా? ఇప్పుడు చెబితే కుంచె కింద పడేసి, మళ్ళీ ఎప్పటికీ బొమ్మ ముట్టుకోరేమో

—

నాగాయలంక,
5 ఆగస్టు 2025

మామయ్య గారికి నమస్కారాలు.

సంచి తెరిచి చూశాను. నాలుగు స్ప్రే డబ్బాలు ఉన్నాయి. నాలుగూ నలుపే. మెరవని నలుపు. నంబరు ఒరుసుకుపోయి కనిపించడం లేదు. మీరు వేస్తున్నది సరైన రంగే.

పోయిన ఉత్తరంలో ఎక్కువగా రాశాను. మనసులో పెట్టుకోకండి. అన్నయ్య పదో తారీకున వస్తాడు.

అత్తయ్య గారిని నేల మీద అంతసేపు కూర్చోవద్దని చెప్పండి, మోకాళ్ళు పట్టేస్తాయి.

మీ కోడలు,
సుధామణి

—

కొండపల్లి,
13 ఆగస్టు 2025

చిరంజీవి సుధామణికి మీ మామయ్య, అత్తయ్య ఆశీర్వదించి రాసేది.

బండి పదో తారీకుకి పూర్తయింది. పెద్దబ్బాయి పొద్దున్నే వచ్చాడు. టిఫిను కూడా వద్దని తాళాలు అడిగాడు. ఇచ్చాను. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎడమ డోరు మీద అరచెయ్యి ఆనించి తీశాడు. మెరవని రంగు మీద చెయ్యి పెడితే ముద్ర ఉండిపోతుంది, ఆ గుణం నాకూ ఇప్పుడే తెలిసింది.  "బావ ఇలాగే ఉంటదని ఫోన్లో బొమ్మ చూపించాడండీ మావయ్య గారూ. నేనే ఎగతాళి చేశాను. ఇది నేను తోలుకెళ్ళలేనండీ, చెల్లే వచ్చి తీసుకెళ్తది" అన్నాడు. తాళాలు మీ అత్తయ్య చేతిలో పెట్టి, ఇడ్లీ తిని, బస్సెక్కి వెళ్ళిపోయాడు. నీతో ఏం చెప్పాడో నాకు తెలియదు.

ఇక నీ ఉత్తరం సంగతి. నాలుగూ నలుపే అని రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. చదివిన ప్రతిసారీ నీ చెయ్యి పట్టుకుని ఏడవాలనిపించింది.

నాకు తెలుసు తల్లీ. 23న పటమటలో పుల్లయ్య చెప్పాడు. "మీ అబ్బాయి ముందు నలుపే తీసుకున్నాడండీ. డబ్బాలు సంచిలో పెట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళాడు. ఎవరితోనో ఫోన్ మాట్లాడాడు. పది నిమిషాలాగి వెనక్కొచ్చి, ఇవి మార్చి తెలుపు ఇవ్వండన్నాడు. ఏమయ్యా మోజు తీరిందా అంటే, ఇంట్లో వాళ్ళకి ఇష్టం లేదు లెండి, వాళ్ళు ఎక్కకపోతే బండెందుకు అన్నాడు. నవ్వుతానే అన్నాడండీ" అన్నాడు.  ఆ పది నిమిషాలూ ఆగి వాడు కొట్టుకి వెనక్కి రాకపోతే ఆ లారీ వాడికి ఎదురయ్యేది కాదు. నువ్వూ ఇలాంటి లెక్కే వేసుకుంటూ ఉంటావు. నేనూ వేశాను. తేలదు.

సంచి తెరవకు అన్నది అందుకే. నువ్వు చూస్తే నీ వల్లే అనుకుంటావని నా భయం. నువ్వేమో చూసి, నా వల్లే అని నేను అనుకోకుండా ఉండాలని ముసలివాడికి అబద్ధం రాశావు. ఇంట్లో వాళ్ళకి ఇష్టం లేదన్నాడు వాడు. ఆ ఇంట్లో వాళ్ళు నేనూ నువ్వూ ఇద్దరమూ. నువ్వు ఒక్కదానివే మోయకు, నేనూ ఒక్కణ్ణే మోయను. పెద్ద బరువు, ఇద్దరం చెరో వైపు పట్టుకుందాం.

తెలుపని తెలిశాక మళ్ళీ నలుపెందుకు వేశారంటావు. జవాబు దొరికితే రాస్తానన్నాను గదా. వాడు మనకోసం తెలుపుకు ఒప్పుకున్నాడు. మనం వాడికోసం నలుపుకు ఒప్పుకోవద్దా? ఆలస్యంగా ఒప్పుకున్నాను. ఎవరు చూడాలని అడిగితే చెప్పలేను. వాకిట్లో నిలబెట్టాను. అంతే.

పుల్లయ్య ఇచ్చిన నలుపును వాడి మూత పక్కన పెట్టి చూశాను. దూరం నుంచి ఒక్కటే. దగ్గరికెళ్తే రెండు చేతులని తెలిసిపోతుంది. వాడిదే నున్నగా ఉంది. నలభై ఏళ్ళ చేతి కంటే మూడు రోజుల చెయ్యి బాగుంది, ఆ మాట వాడికి చెప్పాల్సింది.

మూత ఇంకా మేకుకే ఉంది. బిగించడానికి రెండు స్క్రూలు. నేను బిగించలేదు. ఎప్పుడైనా వీలుంటే రా. రాలేకపోతే అలాగే ఉంటుంది, ఆ కన్నానికి గుడ్డ కట్టాను, నీళ్ళు దిగవు.

మీ అత్తయ్య మోకాళ్ళు పట్టేశాయి. నువ్వు చెప్పినట్టే అయింది.

ఆశీస్సులతో,
సంజీవరావు

—

నాగాయలంక,
19 ఆగస్టు 2025

మామయ్య గారికి, అత్తయ్య గారికి నమస్కారాలు.

శనివారం పొద్దున బస్సుకు నేనూ అక్షయా వస్తున్నాం. తెల్ల డబ్బాలు తెస్తున్నాను, వాటిని ఏం చేయాలో మీరే చెప్పండి. విరిగిన కొమ్ము కూడా తెస్తున్నాం. స్క్రూడ్రైవరు తీసి ఉంచండి.

పోయిన నెలంతా అక్షయ ఒకటే అడిగింది, నాన్న బండి ఏ రంగు అని. ప్రతిసారీ లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. నిన్న అన్నం తింటూ మళ్ళీ అడిగింది.

నలుపని చెప్పాను.

మీ కోడలు,
సుధామణి